గైరోస్కోప్ దేన్ని పట్టుకుని నిలుస్తుంది?

2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సూళ్లూరుపేటతో పాటు శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి అంతరిక్ష కేంద్రం షార్ నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ ఇంధనం గురించి, ఉపగ్రహం బరువు గురించి, కక్ష్య ఎత్తు గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. తన ముక్కు ఎటు తిరిగి ఉందో ఆ రాకెట్‌కు ఎలా తెలుస్తుందన్న సంగతి మాత్రం వార్తల్లో దాదాపు కనపడదు. ఆ పని చేసేది గైరోస్కోప్.

మన డిగ్రీ కళాశాలల బీఎస్సీ భౌతికశాస్త్రంలో బొంగరం, గైరోస్కోప్, విషువత్తుల చలనం ఒకే పాఠంలో వస్తాయి. బొంగరం పిల్లలది, గైరోస్కోప్ రాకెట్‌ది, విషువత్తుల చలనం పంచాంగకర్తలది. ఈ మూడింటి చుట్టూ వేర్వేరు వాదాలు ఏళ్ల తరబడి పెరిగి ఒకదానితో ఒకటి చిక్కుపడ్డాయి. గైరోస్కోప్ గురుత్వాన్ని ధిక్కరిస్తుందా? సైకిల్‌ను నిలబెట్టేది అదేనా? తిరిగే చక్రం మేలా, వెలుగు మేలా? మకర సంక్రాంతి తేదీ ఎందుకు ముందుకు జరుగుతోంది? వీటిలో చాలా చిక్కులు ఒకే పొరపాటు నుంచి పుట్టాయని ఈ వ్యాసం వాదన. గైరోస్కోప్‌కు దిక్కును బిగించి పట్టుకునే ఏదో శక్తి ఉందని మనం అనుకుంటాం. నిజానికి దాని మీద ఎంత టార్క్ (బలభ్రామకం) ఎంతసేపు పడిందో దాని అక్షం అంతే జరుగుతుంది. ఆ లెక్కను ముందు పెట్టుకుంటే వాదాలు చాలావరకు విడిపోతాయి. విడిపోనివి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చివర్లో చూద్దాం.

ఒక చక్రం, ఒక మేకు

ఒక కిలో బరువున్న చక్రం తీసుకుందాం. బరువంతా అంచులోనే ఉంది, వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది. దాని ఇరుసును అడ్డంగా పెట్టి, ఒక కొసను మేకు మీద ఆన్చి రెండో కొసను వదిలేశాం. ఆనిన చోటు నుంచి చక్రానికి 5 సెంటీమీటర్ల దూరం. తిరగని చక్రమైతే దబ్బున కింద పడుతుంది. తిరిగే చక్రం మాత్రం మేకు చుట్టూ నింపాదిగా ప్రదక్షిణ చేస్తుంది. దీన్నే పురస్సరణం అంటారు.

ఒక ప్రదక్షిణకు ఎంతసేపు? బరువు వల్ల వచ్చే టార్క్ 0.49 న్యూటన్ మీటర్లు. చక్రం కోణీయ ద్రవ్యవేగం 3.14 యూనిట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే పురస్సరణ వేగం వస్తుంది. ఆ లెక్కన ఒక చుట్టుకు సుమారు 40 సెకన్లు. చక్రం వేగం సగానికి తగ్గితే 20 సెకన్లే. ఆగిపోబోయే బొంగరం తల అంత తొందరగా ఎందుకు ఊగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ విద్యార్థులు అడిగే న్యాయమైన ప్రశ్న ఒకటి ఉంది. వదిలిన క్షణంలో అడ్డంగా కదలిక లేదు కదా, అది ఎక్కడినుంచి వచ్చింది? వదిలినప్పుడు చక్రం నిజంగానే పడడం మొదలుపెడుతుంది. కొద్దిగా కిందికి దిగి, పైకి లేచి, మళ్లీ దిగుతూ వణుకుతుంది. రాపిడి వల్ల ఆ వణుకు సద్దుమణిగేసరికి ఇరుసు మొదటికంటే ఒక వెంట్రుకవాసి కిందికి వాలి ఉంటుంది. మన చక్రానికి ఆ వాలు డిగ్రీలో 50వ వంతు, కంటికి ఆనదు. అడ్డంగా తిరగడానికి కావలసిన శక్తి ఆ దిగుడు నుంచే వస్తుంది. కాబట్టి ‘గైరోస్కోప్ పడదు’ అన్న మాట సరికాదు. అది పడింది, పడవలసినంతే పడింది.

వివరించడంలో మూడు దారులు

గణితం విషయంలో తగాదా లేదు. ఆయిలర్, లగ్రాంజ్ 18వ శతాబ్దంలోనే సమీకరణాలు కట్టారు. 1897 నుంచి 1910 దాకా క్లైన్, సొమర్‌ఫెల్డ్ జర్మన్‌లో బొంగరం సిద్ధాంతం మీదే నాలుగు సంపుటాలు వెలువరించారు. తేడా అంతా వివరణలోనే.

మొదటిది సదిశల దారి. కోణీయ ద్రవ్యవేగాన్ని ఇరుసు వెంబడి ఒక బాణంగా గీసి, టార్క్ బాణాన్ని దానికి కలుపుతారు. లెక్క క్షణంలో తెగుతుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. కాని కిందికి లాగితే పక్కకు ఎందుకు పోతుందన్న ఆశ్చర్యం తీరదు. రెండోది రేణువుల దారి. అంచులోని ఒక్కో ముక్కనూ విడిగా తీసుకుని, ఇరుసు వాలబోయినప్పుడు దాని మీద పడే తోపుడు ఏమిటో చూస్తారు. పైన ఉన్నప్పుడు పడిన తోపుడు ఫలితం, ఆ ముక్క పావు చుట్టు తిరిగాకే కదలికగా కనిపిస్తుందని దీంతో తెలుస్తుంది. మనసుకు ఎక్కేది ఇదే, లెక్కకు మాత్రం ప్రయాస. మూడోది శక్తి దారి. పైన చెప్పిన దిగుడు, వణుకు లాంటివన్నీ దీంతో ఒక్క సమీకరణంలోంచి వస్తాయి, కాకపోతే డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కొరుకుడు పడదు.

పాఠ్యపుస్తకాలు మొదటి దారినే పట్టుకోవడం వల్ల నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. బాణాలతో మొదలుపెట్టిన విద్యార్థికి గైరోస్కోప్ ఒక మాయగానే మిగులుతుంది. రేణువులతో మొదలుపెట్టి బాణాలకు చేరితే న్యూటన్ సూత్రాలకు మించినది ఇందులో ఏదీ లేదని తనకే తెలుస్తుంది.

నావికుల నుంచి న్యాయస్థానం దాకా

పొగమంచులో దిగంతం కనపడని నావికుల కోసం 1740లలో ఇంగ్లండ్‌లో సెర్సన్ అనే ఆయన తిరిగే అద్దం ఒకటి తయారుచేశాడు. 1817లో జర్మనీలో బోనెన్‌బెర్గర్ గింబల్ వలయాల మధ్య తిరిగే గోళాన్ని వర్ణించాడు. 1852లో ఫ్రాన్స్‌లో ఫూకో దానికి గైరోస్కోప్ అని పేరు పెట్టి భూభ్రమణాన్ని చూపడానికి వాడాడు. ఆయన చక్రం రాపిడితో నెమ్మదించకుండా తిరిగింది ఎనిమిది, పది నిమిషాలే. ఆలోపు భూమి తిరిగేది రెండు, రెండున్నర డిగ్రీలు. అందుకే సూక్ష్మదర్శినితో చూడాల్సి వచ్చింది. విద్యుత్ మోటారు వచ్చేదాకా గైరోస్కోప్ పనిముట్టు కాలేకపోయింది.

ఫూకో ప్రయోగాన్ని తిరుపతిలో చేస్తే ఏమవుతుంది? భూమి గంటకు 15.04 డిగ్రీలు తిరుగుతుంది. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. ఆ భ్రమణంలో ఇక్కడి నిట్టనిలువు గీత చుట్టూ పడే వాటా గంటకు మూడున్నర డిగ్రీలే. ఉత్తర దిక్కుగా నేల వెంబడి పడే వాటా మాత్రం 14.6 డిగ్రీలు. ఈ రెండో వాటాతో పనిచేసే పరికరమే గైరో దిక్సూచి. అయస్కాంతంతో నిమిత్తం లేకుండా భూమి అక్షాన్నే వెతుక్కుని అసలు ఉత్తరాన్ని చూపుతుంది. జర్మనీలోని కీల్ రేవు 54వ అక్షాంశం మీద ఉంది, అక్కడ ఆ వాటా గంటకు 9 డిగ్రీల లోపే. అంటే గైరో దిక్సూచికి ఉత్తర సముద్రాల కన్నా మన బంగాళాఖాతమే అనువైన చోటు. ధ్రువాల దగ్గర అది పనికే రాదు.

ఆ దిక్సూచిని ముందు తయారుచేసింది ఎవరన్న తగాదా జర్మనీ వాడైన ఆన్షుట్జ్‌కూ అమెరికా వాడైన స్పెర్రీకీ మధ్య నడిచి బెర్లిన్ న్యాయస్థానానికి చేరింది. కోర్టు నిపుణుడిగా వచ్చిన ఐన్‌స్టీన్ 1915లో ఆన్షుట్జ్ పక్షాన అభిప్రాయం చెప్పాడు. ఒకప్పుడు స్విట్జర్లాండ్‌లో పేటెంట్ గుమస్తాగా పనిచేసిన మనిషికి అది తెలిసిన పనే.

తిప్పి వదలడమా, మూడు వైపులా అదుపు చేయడమా

1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి రాకెట్ ఆర్‌హెచ్-125. వాతావరణ పరిశోధనకు వాడే ఇలాంటి చిన్న రాకెట్లకు గైరోస్కోపులతో నడిచే మార్గదర్శక వ్యవస్థ అక్కర్లేదు. రెక్కలను కొద్దిగా ఏటవాలుగా బిగిస్తే గాలి తాకిడికి రాకెట్టే గిరగిరా తిరుగుతుంది, తానే ఒక గైరోస్కోప్ అవుతుంది. 1980 జూలై 18న 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 నాలుగో దశ కూడా ఇలాగే తిరుగుతూ దారి నిలుపుకుంది. అంతకు ముందు 1975లో రష్యా గడ్డ నుంచి ఎగిరిన 360 కిలోల ఆర్యభట్టను కక్ష్యలో గ్యాస్ జెట్లతో తిప్పారు.

ఈ పద్ధతి బలం దాని సాదాతనం. బలహీనత ఏమిటో 1958లో అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 చూపింది. సన్నగా పొడవుగా ఉన్న దాన్ని నిలువు అక్షం చుట్టూ తిప్పి వదిలారు. మెత్తటి యాంటెన్నాలు ఊగి శక్తిని కాస్త కాస్త హరించాయి. కోణీయ ద్రవ్యవేగం తగ్గదు, శక్తి మాత్రం తగ్గుతోంది. అలాంటప్పుడు వస్తువు తన జడత్వ భ్రామకం అత్యధికంగా ఉన్న అక్షానికే చేరాలి. ఉపగ్రహం కొద్ది గంటల్లోనే పల్టీలు కొట్టసాగింది. గట్టి వస్తువుకు చెప్పిన సూత్రం కొద్దిగా వంగే వస్తువుకు సరిపోదని ఇంజినీర్లు అప్పుడు గ్రహించారు.

భూమిని ఫొటోలు తీయాల్సిన ఉపగ్రహం గిరగిరా తిరుగుతూ కూర్చుంటే కుదరదు. అందుకే పీఎస్‌ఎల్‌వీ నాటికి మూడు అక్షాలనూ అదుపు చేసే పద్ధతి పూర్తిగా వచ్చింది. తిరువనంతపురంలోని ఇస్రో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ తయారుచేసే పరికరాలను నాలుగో దశ పైన ఉండే అరలో పెడతారు. అవి మలుపు రేటును కొలుస్తాయి, కంప్యూటర్ దాన్ని కూడుకుంటూ పోయి దిశను కనుక్కుంటుంది. ఈ కూడికలోనే ప్రమాదం ఉంది. గంటకు డిగ్రీలో పదో వంతు పొరపాటు ఉందనుకుంటే, 20 నిమిషాల ప్రయాణానికి దిశలో 0.03 డిగ్రీల తేడా పేరుకుంటుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త తేడా సెకనుకు నాలుగు మీటర్ల వరకూ అడ్డ వేగంగా తేలగలదు.

కొలత ఒక్కటే సరిపోదని 1993 సెప్టెంబర్ 20న పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం నేర్పింది. రెండో దశ విడిపోయే వేళ కుదుపు వచ్చింది. దాన్ని సరిదిద్దాల్సిన నియంత్రణ ప్రోగ్రాంలో లోపం బయటపడి రాకెట్ దిశ తప్పింది. మరుసటి ఏడాదే విజయం దక్కింది. గైరోలు కార్యాన్ని కాపాడిన సందర్భం చంద్రయాన్-1. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆ నౌకలో నక్షత్రాలను చూసి దిశ తెలుసుకునే సెన్సర్లు 2009లో దెబ్బతిన్నాయి. శాస్త్రవేత్తలు గైరోలను ఆధారం చేసుకుని, యాంటెన్నా దిశనూ చంద్రుడి ఉపరితల చిత్రాలనూ తోడు చేసుకుని నడిపారు. మే నెలలో కక్ష్యను 100 కిలోమీటర్ల నుంచి 200 కిలోమీటర్లకు పెంచారు. ఆగస్టు చివరలో సంబంధాలు తెగిపోయేదాకా నౌక పనిచేసింది.

చక్రమా, వెలుగా

తిరిగే చక్రానికి రాపిడి, అరుగుదల తప్పవు. హబుల్ టెలిస్కోప్ గైరోల చక్రాలు నిమిషానికి 19,200 చుట్లు తిరుగుతాయి. 2009లో ఆరింటినీ కొత్తవి వేసినా ఒక్కొక్కటిగా పాడై, 2024 జూన్ నుంచి టెలిస్కోప్‌ను ఒక్క గైరోతో నడపాల్సి వచ్చింది.

1913లో ఫ్రాన్స్‌లో సాన్యాక్ చేసిన ప్రయోగం మరో దారి తెరిచింది. ఒక వలయంలో రెండు కాంతిపుంజాలను ఎదురెదురుగా పంపితే, వలయం తిరుగుతున్నప్పుడు ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక చేరతాయి. 1963లో ఇలాంటి వలయంలోనే లేజర్‌ను పుట్టించారు. 10 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు వలయంలో ఎర్రటి హీలియం నియాన్ లేజర్ పెట్టి, దాని తలాన్ని భూమి అక్షానికి అడ్డంగా నిలిపితే, భూభ్రమణం వల్ల రెండు పుంజాల పౌనఃపున్యాల మధ్య 11, 12 హెర్ట్జ్‌ల తేడా వస్తుంది. కాంతి పౌనఃపున్యం 474 లక్షల కోట్ల హెర్ట్జ్‌లు. అందులో 11ని పట్టుకోవడం సాధ్యమైందంటే ఈ పద్ధతి సున్నితత్వం ఎంతటిదో ఊహించవచ్చు. ఇబ్బంది ఒకటే. మలుపు మరీ నెమ్మదిగా ఉంటే అద్దాల మీంచి చెదిరిన కాంతి రెండు పుంజాలనూ కలిపేసి తేడాను సున్నా చేస్తుంది. దాన్ని తప్పించడానికి వలయం మొత్తాన్నీ సన్నగా కంపింపజేస్తారు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండర్ లేజర్ గైరోల సాయంతోనే చంద్రుడి మీద దిగింది. హైదరాబాద్‌లోని ఇమారత్ పరిశోధనా కేంద్రం క్షిపణుల కోసం ఇదే కోవలో పనిచేస్తోంది.

మూడో వర్గం కంపించేవి. మన ఫోన్లలో ఉండేది ఇదే, గోరంత కూడా లేని సిలికాన్ ముక్క. తెర తిప్పడానికి, ఆటలకు చాలు. భూభ్రమణం మాత్రం దాని సొంత పొరపాట్లలో మునిగిపోతుంది. ఇదే వర్గంలో క్వార్ట్జ్ అర్ధగోళంతో చేసినవి అత్యుత్తమం. శని గ్రహానికి వెళ్లిన కసీని, ఇప్పటి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వాటినే నమ్ముకున్నాయి. కాబట్టి చక్రానికి కాలం చెల్లిందనడం తొందరపాటు. కొలవడంలో దాని స్థానాన్ని వెలుగు, కంపనం ఆక్రమిస్తున్నాయి. తిప్పే పనిలో మాత్రం చక్రమే రాజు. ఉపగ్రహాల రియాక్షన్ వీల్స్, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని తిప్పే నాలుగు భారీ గైరోలు ఇందుకు సాక్ష్యం. వెలుగుతో కొలవగలం కాని ఉపగ్రహాన్ని తిప్పేంత టార్క్ దానితో రాదు.

నిలవని రెండు వాదాలు

1974లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద ఎరిక్ లైత్‌వైట్ బరువైన గైరోస్కోప్‌ను తేలిగ్గా ఎత్తి చూపి, న్యూటన్ సూత్రాలు ఇక్కడ చాలవన్నట్టు మాట్లాడారు. లీనియర్ మోటారు విషయంలో గొప్ప ఇంజినీరు కావడంతో ఆ మాటకు విలువ వచ్చింది. కాని పురస్సరణంలో ఉన్న చక్రాన్ని త్రాసు మీద పెడితే మేకు మీద పడే బరువు పూర్తి కిలోయే. 1989లో జపాన్ శాస్త్రవేత్తలు హయసాకా, తకెవుచి సవ్యదిశలో తిరిగే గైరో బరువు కొన్ని మిల్లీగ్రాములు తగ్గిందని పేరున్న పత్రికలో ప్రకటించారు. 1990లోనే ఇతర బృందాలు మరింత జాగ్రత్తగా తూచి, తగ్గుదల లేదని తేల్చాయి. ఈ వాదం ముగిసినట్టే.

సైకిల్ వాదం ఇంతకన్నా విలువైనది. చక్రాల గైరోస్కోపిక్ ప్రభావమే సైకిల్‌ను నిలబెడుతుందని చాలా పుస్తకాలు రాశాయి. 1970లో డేవిడ్ జోన్స్ ముందు చక్రం పక్కన ఎదురు తిరిగే మరో చక్రం బిగించి ఆ ప్రభావాన్ని దాదాపు రద్దు చేశాడు. అయినా సైకిల్ తొక్కగలిగాడు. 2011లో మరో బృందం గైరో ప్రభావమూ, ముందు చక్రం వెనక్కి ఆనే అమరికా రెండూ లేకుండా తనంతట తాను నిలిచే నమూనాను చేసి చూపింది. సైకిల్‌కు గైరో ప్రభావం సాయపడుతుంది, అది ఉంటేనే నిలుస్తుందనడం తప్పు. ఎన్ని కారణాలు ఎలా కలిస్తే స్థిరత్వం వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పే నియమం ఇప్పటికీ లేదు.

భూమి బొంగరం, పంచాంగాల తగాదా

భూమి మధ్యరేఖ దగ్గర ధ్రువాల కన్నా 21 కిలోమీటర్లు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుతారు, అందులో చంద్రుడి వాటా సుమారు మూడింట రెండు వంతులు. వాలిన అక్షాన్ని నిటారు చేయాలని చూసే ఆ టార్క్ వల్ల అక్షం నిటారు కాదు, దాదాపు 25,800 ఏళ్లకు ఒక ప్రదక్షిణ చేస్తుంది. విషువత్తుల చలనం అంటే ఇదే, మేకు మీద చక్రానికి 40 సెకన్లు పట్టిన పనే ఇది. 1687లో న్యూటన్ కారణం చెప్పేదాకా ఇది కంటికి కనిపించిన లెక్క మాత్రమే.

ఆ లెక్క మన జ్యోతిషులకూ తెలుసు. సూర్యసిద్ధాంతం దీన్ని ఏటా 54 వికలల (ఆర్క్ సెకన్ల) చొప్పున అటు 27, ఇటు 27 డిగ్రీలు ఊగే కదలికగా చెప్పింది. 10వ శతాబ్దపు ముంజాలుడు ఊగదు, చుట్టూ తిరిగి వస్తుందని, ఏటా సుమారు 60 వికలలని లెక్కించాడు. నేటి విలువ 50.3 వికలలు. విలువలో సూర్యసిద్ధాంతం దగ్గరగా ఉంది, స్వభావంలో ముంజాలుడు గెలిచాడు. టార్క్ లెక్క ప్రకారం అక్షం తిరిగి రావాల్సిందే కాని 27 డిగ్రీల దగ్గర ఆగి వెనక్కి మళ్లడానికి కారణం లేదు.

నక్షత్రాలను బట్టి కట్టే మకర సంక్రాంతి సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతున్నది ఇందుకే. అసలు ఉత్తరాయణం డిసెంబర్ 21, 22 తేదీల్లో మొదలవుతుంది, పండుగ జనవరి 14, 15కు చేరింది. మేఘనాథ్ సాహా నాయకత్వంలోని క్యాలెండర్ సంస్కరణ సంఘం 1956 మార్చి 21 నాటికి అయనాంశను, అంటే విషువత్తుకూ నక్షత్ర రాశిచక్రం మొదలుకూ మధ్య ఉన్న కోణాన్ని, 23 డిగ్రీల 15 నిమిషాలుగా నిర్ణయించింది. పరిశీలనలను బట్టి లెక్కగట్టే దృక్ గణితం వారికీ పూర్వ పద్ధతి వారికీ మధ్య వాదం మాత్రం ఆగలేదు. భౌతికశాస్త్రం ఏటా ఎంత జరుగుతుందో చెప్పగలదు. రాశిచక్రాన్ని ఏ నక్షత్రం నుంచి మొదలుపెట్టాలో చెప్పలేదు, అది సంప్రదాయం తేల్చుకోవలసిన విషయం. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే ఉగాదికి ఉగాదికి అదే గొడవ తిరిగి వస్తోంది.

ఇంకా తేలనివి

నావిక్, జీపీఎస్ వచ్చాక గైరోలతో పని ఎంత? ఉపగ్రహ సంకేతాలు ఎక్కడున్నామో బాగా చెబుతాయి, ఎటు చూస్తున్నామో చెప్పడంలో వెనకబడతాయి. పైగా శత్రువు ఆ సంకేతాలకు అడ్డుపడగలడు. గైరోకు బయటినుంచి ఏ సంకేతమూ అక్కర్లేదు, బదులుగా అది నెమ్మదిగా పొరపాటు కూడబెట్టుకుంటుంది. రెండింటినీ కలిపి వాడడమే నేటి రివాజు. చల్లార్చిన పరమాణువులతో చేసే గైరోలు ప్రయోగశాలల్లో అద్భుతంగా పనిచేస్తున్నాయి, రాకెట్లలో మామూలుగా వాడే స్థాయికి ఇంకా రాలేదు.

అన్నిటికన్నా లోతైన ప్రశ్న మరొకటి. టార్క్ లేనప్పుడు గైరో దిశ మారదు సరే, దేనితో పోల్చి మారదు? న్యూటన్ పరమ ఆకాశంతో అన్నాడు. 19వ శతాబ్దంలో మాఖ్ దూరపు నక్షత్ర రాశులతో అన్నాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం తిరిగే భూమి తన చుట్టూ ఉన్న స్థలకాలాన్ని కొద్దిగా తనతో ఈడుస్తుంది, దగ్గరలోని గైరో ఆ మేరకు వాలుతుంది. 2004లో ఎగిరిన గ్రావిటీ ప్రోబ్-బి నాలుగు క్వార్ట్జ్ గోళాలతో దీన్ని కొలిచింది. ఆర్క్ సెకనులో వెయ్యో వంతును మిల్లీ ఆర్క్ సెకను అంటారు. 2011లో వెలువడిన ఫలితం ఏటా 37.2 మిల్లీ ఆర్క్ సెకన్లు, సిద్ధాంతం చెప్పింది 39.2. ఏడు యూనిట్ల అనిశ్చితి ఉన్నా దిశ సరిగ్గానే ఉంది. మాఖ్ మాటలో కొంత నిజం ఉందని దీంతో తేలింది.

అంతా నిజమేనా అన్నది తేలలేదు. 1949లో గోడెల్ ఐన్‌స్టీన్ సమీకరణాలకే ఒక పరిష్కారం కనుగొన్నాడు. ఆ విశ్వంలో పదార్థమంతా స్థానిక గైరోలతో పోలిస్తే తిరుగుతూ ఉంటుంది. మన విశ్వం అలాంటిది కాదని పరిశీలనలు చెబుతున్నాయి. కొలవగలిగినంత మేరకు గైరో చూపే దిశా, దూరపు గెలాక్సీలు చూపే దిశా ఒక్కటే. ఆ రెండూ ఒక్కటి కావాలని మాత్రం సమీకరణాలు పట్టుబట్టవు. అవి ఎందుకు కలిశాయన్న దానికి ఒప్పుకోదగ్గ జవాబు ఇంకా రాలేదు.